పసుపు పిన్ను



పోస్టు పెద్దది, తీరిక ఉన్నప్పుడే చదవండి. టీవీ వైర్ల గురించి ఇంత రాయాలా అని మా రూమ్‌లో వాళ్ళు ఇప్పటికే నవ్వారు. మీరూ నవ్వండి, ఫర్లేదు. కానీ మన గ్రూపులో టీవీ వెనక వైరు పట్టుకుని నిలబడని వాళ్ళు తక్కువమంది ఉంటారని నా నమ్మకం. ఆ నిలబడ్డవాళ్ళ కోసం రాస్తున్నా.

మా హాస్టల్ గుంటూరు బ్రాడీపేటలో. ఇక్కడ అడ్రసు అంటే ఒక లెక్క. 4 బై 14 అంటే 4వ లైను, 14వ అడ్డరోడ్డు. వచ్చిన మొదటి నెలంతా నేను అడ్డరోడ్లు వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ కాలేజీ నుంచి నడిచొచ్చేదాన్ని. ఒక్క రోడ్డు తప్పినా ముందు కనపడే బిల్డింగు మన హాస్టల్ లాగానే ఉండిద్ది, లోపల మాత్రం వేరే వాళ్ళుంటారు. ఏ స్తంభం చూసినా కేబుల్ వైర్లు పిట్టగూడులా చుట్టుకుని ఉంటాయి. అందులో ఒక తీగ మా భోజనాల హాలు కిటికీలోంచి లోపలికి వస్తుంది.

టీవీ గోడకి బిగించి ఉంది. సెట్‌టాప్ బాక్సు కిటికీ గట్టు మీద ఉంటుంది. రెంటికీ మధ్య హెచ్‌డీఎంఐ వైరు, బట్టలారేసే తీగలాగా బిగుసుకుని. కిటికీ పక్కన కూర్చున్నవాళ్ళ జడ తగిలినా చాలు, బొమ్మ పోయిద్ది. అప్పుడు ఎవరో ఒకరు కుర్చీ ఎక్కి టీవీ వెనక చెయ్యి పెట్టి నొక్కాలి. మూడేళ్ళుగా ఇదే పద్ధతి. కంప్లయింట్ బుక్కులో ఎన్నిసార్లు రాశామో. "బడ్జెట్ రావాలి" అనేది జవాబు.

2025 నవంబర్ 2, ఆదివారం. మహిళల ప్రపంచ కప్పు ఫైనల్, మన జట్టుకీ దక్షిణాఫ్రికాకీ. నవీ ముంబయిలో వాన పడి మ్యాచ్ రెండు గంటలు ఆలస్యంగా మొదలైంది. అయ్యేసరికి అర్ధరాత్రి అవుతుందని తెలిసి కూడా మేడం పర్మిషన్ ఇచ్చారు, అందుకు ఆమెకి థాంక్స్. అరవై మంది పైన ఉన్నాం హాల్లో. క్రికెట్ తెలియనివాళ్ళు కూడా వచ్చారు, ఎందుకంటే శ్రీ చరణి ఉంది. కడప జిల్లా అమ్మాయి, మన తెలుగమ్మాయి, ఎడమచేతి స్పిన్నరు. ఆమె బాల్ తీసుకున్న ప్రతిసారీ హాలు మోగిపోయేది. అన్నెకే బాష్‌ని సున్నాకే ఎల్‌బీడబ్ల్యూ చేసినప్పుడైతే వంట అక్క గరిటె పట్టుకునే బయటికొచ్చింది.

మనవాళ్ళు 298 కొట్టారు. అటువైపు కెప్టెన్ లారా వోల్వార్ట్ మాత్రం కదలట్లేదు. సెంచరీ చేసింది. ఆమె ఉన్నంతసేపూ మాకు నమ్మకం లేదు. దీప్తి శర్మ బౌలింగ్. వోల్వార్ట్ గాల్లోకి లేపింది. కింద అమన్‌జోత్ పరిగెత్తుతోంది. బాల్ చేతిలో పడింది, జారింది...

నల్లగా అయిపోయింది టీవీ.

అరవై మంది ఒకేసారి అరిచిన అరుపు మీరు వినుండరు. ఏమైందో తెలీదు. పట్టిందా, వదిలేసిందా? పక్క బిల్డింగులో మగపిల్లల హాస్టల్ నుంచి గోల వినిపించింది. అది సంతోషమో ఏడుపో అర్థం కాలేదు. బొమ్మ తిరిగి వచ్చేసరికి వోల్వార్ట్ పెవిలియన్ వైపు నడుస్తోంది. అమన్‌జోత్ రెండుసార్లు జారవిడిచి మూడోసారి పట్టిందని రీప్లేలో చూశాం. రీప్లే చూడటం వేరు, అప్పుడు చూడటం వేరు.

ఇక్కడ ఒక విషయం చెప్తా, ఎలక్ట్రానిక్స్ చదువుతున్నా కాబట్టి చెప్పకుండా ఉండలేను. పాత టీవీలకి వైరు అర సెకను ఊడితే అర సెకనే బొమ్మ పోయేది. హెచ్‌డీఎంఐ అట్టా కాదు. అందులో 19 పిన్నులు ఉంటాయి. అవతల టీవీ ఉందా లేదా అని చూడటానికే ఒక పిన్ను ఉంది. అది క్షణం వదులైతే చాలు, బాక్సు "అవతల ఎవరూ లేరు" అనుకుంటుంది. మళ్ళీ తగలగానే రెండూ మొదట్నించీ పలకరించుకోవాలి. నువ్వెవరు, నీ సైజెంత, దొంగ కాపీ చేసే పెట్టెవి కాదు కదా అని తాళంచెవులు మార్చుకోవాలి. ఇదంతా అయ్యాకే బొమ్మ. అందుకే జడ తగిలింది అర సెకను, మాకు పోయింది నాలుగైదు సెకన్లు, అంటే ఆ క్యాచ్ మొత్తం.

ఇంకో చిత్రం ఏంటంటే, కంప్యూటర్ ల్యాబులో పాత మానిటర్లకి ఉండే వీజీఏ వైరుకి రెండు పక్కలా రెండు మరలు ఉంటాయి, బిగిస్తే ఊడదు. 2002లో వచ్చిన హెచ్‌డీఎంఐకి మామూలుగా మర లేదు, కొక్కెం లేదు. లోపలి రేకు స్ప్రింగులు పట్టుకున్నంతసేపు పట్టుకుంటుంది, అంతే. మెత్తటి సోఫాల ముందు, నాలుగు అంగుళాలు జరగని టీవీలకి అది సరిపోతుందేమో. అరవై మంది ఆడపిల్లలు అన్నం తినే హాలుని ఊహించుకుని ఎవరు డిజైన్ చేస్తారు?

సరే, ఆ రోజుకి వద్దాం. అరుపులు తగ్గాక ముందు వరసలోంచి ఒకమ్మాయి వెనక్కి తిరిగింది. "కిటికీ దగ్గర కూర్చునేది మీవాళ్ళే కదా. ఎప్పుడూ ఏదో ఒకటి లాగుతుంటారు."

మీవాళ్ళు. ఆ మాటకి అర్థం ఈ గ్రూపులో ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు. కిటికీ దగ్గర మేం నలుగురం. ఇద్దరం సుగాలీలం, ఒక యానాది అమ్మాయి, ఒక ఎరుకల అమ్మాయి. అక్కడ మేం పని గట్టుకుని కూర్చోలేదు. కుర్చీలు ముందు వరసల్లోనే అయిపోతాయి, గట్టు మిగులుతుంది. నాకు నోటిదాకా వచ్చింది. కానీ ఓవర్లు అయిపోతున్నాయి, అందరూ టెన్షన్‌లో ఉన్నారు. ఒక సీనియర్ అక్క "నువ్వు ఎలక్ట్రానిక్సే కదా, వెళ్ళి పట్టుకో" అంది. వెళ్ళాను. కుర్చీ ఎక్కి, టీవీ కింద నుంచి చెయ్యి పెట్టి, వైరుని పైకి ఎత్తి పట్టుకున్నాను. మ్యాచ్ అయ్యేదాకా అట్టాగే.

చివరి వికెట్ నేను చూడలేదు. టీవీ పక్కనే గోడకి ఆనుకుని ఉంటే తెర కనపడదు కదా. నాకు కనపడింది వీళ్ళ మొహాలు. ఒక్కసారిగా అందరి నోళ్ళూ తెరుచుకున్నాయి, కుర్చీలు పడిపోయాయి, ఎవరో నా నడుం పట్టుకుని కిందకి లాగారు. 52 పరుగులతో గెలిచాం. నాకు చెయ్యి తిమ్మిరెక్కి వేళ్ళు తెలియట్లేదు. అప్పుడు మా నానమ్మ గుర్తొచ్చింది.

మాది ఎర్రగొండపాలెం వైపు ఒక తండా. అమ్మని యాడీ అంటాం, ఇంట్లో మాట్లాడేది మా భాషే. మా వైపు చేలల్లో నీళ్ళు తక్కువ. సంక్రాంతి అయ్యాక సగం తండా మిరపకోతలకి గుంటూరు వైపు ఊళ్ళకి వలస పోతుంది. చేల దగ్గరే పట్టలు కట్టుకుని మూడు నెలలు. ఇంట్లో ముసలివాళ్ళు, పిల్లలు మిగులుతారు. మా టీవీ కూడా మిరపకాయల డబ్బులతో వచ్చిందే. మండలంలో ఎవరో ఎల్‌ఈడీ కొనుక్కుని పాత డబ్బా టీవీ అమ్మేస్తుంటే నాన్న 1,500 ఇచ్చి తెచ్చాడు. నెలనెలా కట్టక్కర్లేదని డీడీ ఫ్రీ డిష్ పెట్టించాడు.

2020లో నేను పదో తరగతి, గురుకులంలో. మార్చిలో బడులు మూసేశారు, ట్రంకు పెట్టె తీసుకుని ఇంటికొచ్చాను. మార్చి 31 నుంచి పబ్లిక్ పరీక్షలు మొదలవ్వాలి. లాక్‌డౌన్ వచ్చి అవి వాయిదా పడ్డాయి. అమ్మా నాన్నా మిరప చేలల్లోనే ఇరుక్కుపోయారు. ఇంట్లో నానమ్మ, నేను, తమ్ముడు. ఉన్న ఒక్క ఫోనూ నాన్న దగ్గర, అది కూడా బటన్ల ఫోను.

ఏప్రిల్‌లో దూరదర్శన్ సప్తగిరిలో విద్యామృతం అని పదో తరగతి పాఠాలు మొదలుపెట్టారు. మా సారు పక్కింటి బాబాయికి ఫోన్ చేసి మరీ చెప్పాడు, తప్పకుండా చూడమని. చానల్ ఫ్రీ డిష్‌లో వస్తుంది. టీవీ ఉంది, డిష్ ఉంది. నాకన్నా అదృష్టవంతురాలు తండాలో లేదనుకున్నా.

పెట్టాను. లెక్కల సారు గొంతు చక్కగా వినిపిస్తోంది. బొమ్మ లేదు. నీలం తెర.

మీలో చిన్నవాళ్ళకి తెలియకపోవచ్చు, పాత టీవీకి బాక్సు నుంచి మూడు రంగుల వైర్లు వస్తాయి. పసుపు, తెలుపు, ఎరుపు. పసుపు బొమ్మకి, తెలుపు శబ్దానికి. మా పసుపు పిన్ను వదులు. దాన్ని కొంచెం పైకి ఎత్తి, కొంచెం ఎడమకి నొక్కితే బొమ్మ వస్తుంది. వదిలితే పోతుంది. అగ్గిపుల్ల దోపాం. గుడ్డ చుట్టాం. రబ్బరు బ్యాండు వేసి మేకుకి కట్టాం. పది నిమిషాలు ఆగి జారిపోయేది.

త్రికోణమితి పాఠం బొమ్మ లేకుండా విన్నారా ఎవరైనా? ఎత్తులు, దూరాలు. ఈ బిందువు నుంచి ఇక్కడికి గీత గీద్దాం, ఈ కోణం ఎంత, ఇది దీనికి సమానం కదా అని వస్తుంటుంది. ఏది? దేనికి? నేను నోటుబుక్కులో ఊహించి త్రిభుజం గీసేదాన్ని. చివర్లో జవాబు విని అది వచ్చేట్టుగా కోణం మార్చేదాన్ని. రెండో రోజు ఏడుపొచ్చింది.

నానమ్మ చదువుకోలేదు. పాఠం ఏంటో తెలీదు. కానీ నేను ఏడవడం చూసింది. పీట తెచ్చి టీవీ వెనక వేసుకుంది. చెయ్యి పెట్టి పసుపు పిన్నుని బొటనవేలితో ఎత్తి పట్టుకుంది. "వచ్చిందా?" అంది. వచ్చింది అన్నాను. "అయితే రాసుకో."

అట్టా పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట. పరీక్షలు లేవని చెప్పేదాకా. మధ్యలో చెయ్యి నొప్పి పుట్టి చెయ్యి మార్చుకునేది. మార్చుకునేటప్పుడు బొమ్మ పోయేది, మళ్ళీ "వచ్చిందా?" అనేది. ఎండాకాలం, టీవీ వెనక సెగ. ఆ రెండు నెలల్లో ఆమె ఒక్కరోజు కూడా తెర చూడలేదు. గోడ చూస్తూ కూర్చునేది. ఆ సారు ఎట్టా ఉంటాడు, లావా, సన్నమా అని ఒకసారి అడిగింది.

జూన్ 20న పరీక్షలు రద్దు చేసి అందరూ పాస్ అన్నారు. తండాలో పదో తరగతి పాసైన ఆడపిల్లల్లో నేను మూడోదాన్ని. నాన్న అందరికీ చెప్పుకున్నాడు. కొందరు మాత్రం "కరోనా పాసేగా" అన్నారు, ఇప్పటికీ అంటారు. మా బ్యాచ్ మొత్తానికి ఉన్న పేరే అది. నాకు లెక్కల్లో ఎంత వచ్చేదో నాకెప్పటికీ తెలీదు. నా వరకైతే ఆ రెండు నెలలు నేను చదివాను, ఇంకొక మనిషి చెయ్యి పట్టుకుని చదివాను. దాన్ని ఊరికే వచ్చిన పాసు అంటే నాకు కోపం వస్తుంది.

డిగ్రీలో డిష్ గురించి పాఠం వచ్చినప్పుడు నాకు ఆశ్చర్యం వేసింది. ఆ ఉపగ్రహం దాదాపు 36,000 కిలోమీటర్ల పైన ఉంది. అంత దూరం నుంచి సిగ్నల్ వచ్చి మా రేకుల ఇంటి మీద రెండడుగుల పళ్ళెంలో పడుతుంది. డిష్ ముందు ముక్కులా ఉండే ఎల్‌ఎన్‌బీ దాన్ని పెద్దది చేసి కిందకి పంపుతుంది. ఆ ఎల్‌ఎన్‌బీకి కరెంటు వేరే వైరులో రాదు, బొమ్మ దిగొచ్చే వైరులోనే బాక్సు నుంచి 13 వోల్టులో 18 వోల్టులో పైకి పోతుంది. కాబట్టి బాక్సు వెనక మర తిప్పే కనెక్టరు వదులైతే బొమ్మ కిందకి రాదు, కరెంటు పైకీ పోదు. ఆ కనెక్టరు మధ్యలో కనపడే పిన్ను కూడా పిన్ను కాదు, వైరు లోపలి రాగి తీగే. చుట్టూ ఉండే జల్లెడ తీగల్లో ఒక్క పోగు దానికి తగిలినా షార్టు. డిష్ ఉన్నవాళ్ళు నో సిగ్నల్ అని రాగానే డిష్ తిప్పకండి, ముందు బాక్సు స్విచ్చి ఆపి, ఈ మర విప్పి చూడండి. మా తండాలో గాలికి డిష్ తిరిగిందనుకుని దాన్ని తిప్పి, ఉన్నది కూడా పోగొట్టుకున్నవాళ్ళు నలుగురున్నారు.

ఉపగ్రహంతో పల్లెలకి పాఠాలు అనేది కొత్తదేం కాదంట. 1975 ఆగస్టు నుంచి ఒక ఏడాది పాటు సైట్ అనే ప్రయోగం జరిగింది. అమెరికా వాళ్ళ ఉపగ్రహం అద్దెకన్నట్టు తీసుకుని, ఆరు రాష్ట్రాల్లో రెండువేల పైచిలుకు ఊళ్ళకి టీవీ చూపించారు. మన ఆంధ్రప్రదేశ్ అందులో ఉంది. కోళ్ళ వల లాంటి ఇనుప జాలీతో పదడుగుల డిష్‌లు చేసి ఊరుమ్మడి టీవీలకి పెట్టారు. యాభై ఏళ్ళ కిందట! అంటే ఆకాశం నుంచి తండాకి పాఠం తేవడం ఎప్పుడో తెలుసు మనవాళ్ళకి. 36,000 కిలోమీటర్లు సరిగ్గా వచ్చింది. ఆగిపోయింది చివరి అరంగుళం దగ్గర.

మనకి చాలా అట్టాగే ఆగుతాయి. బస్సు అడ్డరోడ్డు దాకా వస్తుంది, తండాకి రాదు. స్కాలర్‌షిప్ మంజూరైంది అని మెసేజ్ వస్తుంది, బ్యాంకు ఖాతాలో పేరు ఒక అక్షరం తేడా. నానమ్మకి పెన్షన్ ఉంది, కానీ మిరపకాయలు కోసి కోసి గీతలు అరిగిపోయిన వేళ్ళు కదా, కొన్ని నెలల్లో మిషను ఆమె బొటనవేలిని గుర్తుపట్టదు. నాకు త్రికోణమితి చూపించిన బొటనవేలు అదే.

ఇప్పుడు అసలు సంగతి. పోయినేడు కాలేజీ ల్యాబులో ఆడియో, వీడియో వైర్ల ప్రాక్టికల్. మూడు రంగుల వైరు చేతికిచ్చి మల్టీమీటరుతో చెక్ చేయమన్నారు. ఆ మూడూ ఒకేలాగా ఉన్నాయి. లోపల ఒక తీగ, చుట్టూ ఒక జల్లెడ, అదే పిన్ను, అదే చుట్టు. నేను సార్‌ని అడిగాను, పసుపుది వేరే కదా, బొమ్మకి కదా అని. "రంగు మన కోసమమ్మా, వైరుకి తెలీదు. ఇంట్లో పెట్టుకునే ఈ చిన్న వైర్లలో దేన్ని ఎందులో పెట్టినా పనిచేస్తుంది, రెండు చివరలా ఒకే వైరు అయితే చాలు" అన్నారు. దాన్ని ఆర్‌సీఏ పిన్ను అంటారు, 1930ల్లో అమెరికాలో ఆర్‌సీఏ అనే రేడియో కంపెనీ గ్రామఫోను కోసం చేసింది. అప్పుడు బొమ్మా లేదు, రంగులూ లేవు.

నేను మీటరు పక్కన పెట్టేసి కూర్చున్నాను. ఎందుకంటే మా డబ్బా టీవీకి ఒకటే స్పీకరు. వెనక పసుపు, తెలుపు రెండే బెజ్జాలు. ఎర్ర పిన్నుకి చోటే లేదు. అది బాక్సుకి ఒక చివర తగిలించి ఉండి, టీవీ దగ్గర ఊరికే వేలాడుతుండేది. నానమ్మ చెయ్యి పక్కనే వేలాడేది, అడ్డమొస్తుందని తనే పక్కకి నెట్టేది. ఆ ఎర్ర వైరు తీసి ఇటు బాక్సులో పసుపు బెజ్జంలో, అటు టీవీలో పసుపు బెజ్జంలో పెడితే అయిపోయేది. పైసా ఖర్చు లేదు, షాపు తెరవక్కర్లేదు, లాక్‌డౌన్‌తో పని లేదు. ముగ్గురం ఆ వైరుని రెండు నెలలు చూస్తూ కూర్చున్నాం. పసుపులో పసుపే పెట్టాలని మాకెవరూ చెప్పలేదు, అయినా అదే రూలు అనుకున్నాం. బడిలో రూలు తప్పితే దెబ్బలు పడ్డ పిల్లలం కదా, వైరు దగ్గర కూడా భయమే. పాడైపోతే కొనగలిగేవాళ్ళం కూడా కాదు.

ఆ రోజు ల్యాబులో తెలుసుకున్నదాన్ని నేను ఏడాది పాటు ఎవరికీ చెప్పలేదు. నానమ్మకి కూడా. ఎట్టా చెప్పాలి?

ఫైనల్ మ్యాచ్ రాత్రి తిమ్మిరెక్కిన చెయ్యి రుద్దుకుంటూ పడుకుని, ఇక చాలు అనుకున్నా. మర్నాడు పొద్దున్నే హాల్లోకి వెళ్ళి టైలర్ టేపుతో కొలిచాను. టీవీ బెజ్జం నుంచి కిటికీ గట్టు మీద బాక్సు దాకా రెండు మీటర్ల పైన ఉంది. పెట్టిన వైరు మీటరున్నర. బాక్సుని గట్టు అంచుకి లాగి, టీవీని గోడ మీద కొంచెం తిప్పి, ఎట్టాగో అందించారు. అంటే ఎవరూ లాగలేదు దాన్ని. పెట్టిన రోజు నుంచే అది లాగి ఉంది. ఇరవై నాలుగు గంటలూ పిన్ను మీద బరువు. అట్టా ఉంటే లోపలి స్ప్రింగులు ఒక పక్కకి వంగిపోయి పట్టు వదులుతాయి. ఫ్యాను గాలికి వైరు ఊగినా రేకు మీద రేకు రాసుకుని మెల్లగా అరుగుతుంది. గుంటూరు దుమ్ము, ఉక్క దానికి తోడు.

ఆ కొలతలు కాయితం మీద రాసి హాల్లో గోడకి అంటించాను. ఎవరి పేరూ రాయలేదు. "దూరం: 2 మీటర్ల పైన. వైరు: 1.5 మీటర్లు." అంతే. ముందు వరస అమ్మాయి చదివింది. ఏమీ అనలేదు. నేనూ ఏమీ అనలేదు. మధ్యాహ్నం ఆమే వచ్చి కొత్త వైరుకి పది రూపాయలు ఇచ్చింది. ఆమెని మంచిదనో చెడ్డదనో చెప్పట్లేదు, జరిగింది చెప్తున్నా.

మనిషికి పది చొప్పున ముప్పై మంది ఇచ్చారు. అరండల్‌పేటలో ఒక షాపులో మూడు మీటర్ల వైరు 280కి వచ్చింది. షాపాయన బంగారు పూత, అల్లిక తొడుగు అని 900ది చూపించాడు. వద్దన్నాను. మనకి కావాల్సింది బంగారం కాదు, పొడవు. మేడంని అడిగి, స్విచ్చి ఆపించి, పాతది తీసేశాను. కొత్తది పెట్టి, పిన్ను నుంచి జానెడు దూరంలో ఒక చుట్టు చుట్టి, ఆ చుట్టుని టీవీ వెనక ఇనుప చట్రానికి పాత చున్నీ పేలికతో కట్టాను. ఇప్పుడు ఎవరి జడ తగిలినా లాగేది పేలికని, పిన్నుని కాదు. ఈ చుట్టు సంగతి ఎవరైనా చేసుకోవచ్చు, ఫోను చార్జరుకి కూడా. బరువు పిన్ను మీద పడకూడదు, దాని కోసం ఇంకోటి ఉండాలి. దీనికి డిగ్రీ అక్కర్లేదు, మా నానమ్మ మేకని కట్టేటప్పుడు మెడకి ఉరి పడకుండా ముడి వేసేది ఇట్టాగే. కేబుల్ తీగ మర కూడా విప్పి, పచ్చబడ్డ రాగి కొస కత్తిరించి, కొత్తగా ఒలిచి బిగించాను. అప్పటినుంచి బొమ్మ పోలేదు. కరెంటు పోతే నేనేం చెయ్యలేను.

నవంబర్ చివర్లో మూడు రోజులు ఇంటికెళ్ళాను. డబ్బా టీవీ ఇంకా ఉంది, ఎప్పుడో గానీ పెట్టరు. పసుపు వైరుకి మీటరు పెట్టి చూశాను. పిన్ను దగ్గర, వైరు లోపలికి పోయే మెడ దగ్గర తీగ విరిగి ఉంది. ఎత్తితే తగులుతోంది, దించితే విడిపోతోంది. ఇన్నేళ్ళూ టీవీ పోయిందనుకున్నాం, టీవీకి ఏ జబ్బూ లేదు. (ఒక మాట. డబ్బా టీవీ మూత మాత్రం మీరు విప్పకండి. స్విచ్చి తీసేసినా పిక్చర్ ట్యూబు దగ్గర వేల వోల్టులు నిలవ ఉంటాయి. వెనక బయట కనపడే పిన్నుల వరకే మన పని.)

పసుపు వైరు రెండు చివరలా పీకేశాను. వేలాడుతున్న ఎర్రదాన్ని తీసి దాని చోట పెట్టాను. స్విచ్చి వేసేలోపే నానమ్మ లేచింది. అలవాటు. మోకాళ్ళు పట్టుకుని మెల్లగా టీవీ వెనక్కి నడుస్తోంది. వద్దు, రా, ఇక్కడ కూర్చో అన్నాను. నమ్మలేదు. చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి మంచం మీద కూర్చోబెట్టాను.

బొమ్మ వచ్చింది. సప్తగిరిలో ఎవరో వరి గురించి చెప్తున్నారు. నానమ్మ చాలాసేపు చూసింది. నేను అప్పుడు చెప్పాను. ల్యాబు సంగతి, రంగుల సంగతి, అంతా. అప్పుడు కూడా ఇది పనిచేసేదే అని చెప్పాను. తిడుతుందేమో అనుకున్నా.

"ఆ ఎర్రదానికి అన్ని రోజులూ ఏ పనీ లేదా?" అంది.

లేదు అన్నాను.

"నేను అడ్డమొస్తుందని తోసేశానే" అని, ఇంకేం అనకుండా వరి కార్యక్రమం చూస్తూ కూర్చుంది.